అర మిల్లీమీటరులో దాగిన విమానాన్ని పట్టుకున్న మహిళ

1943 డిసెంబర్ 1. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది దగ్గర మెడ్మెన్‌హామ్ అనే ఊళ్లో ఓ పెద్ద బంగ్లా. లోపల బల్లల మీద కుప్పలు కుప్పలుగా బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు. ఓ బల్ల ముందు 31 ఏళ్ల మహిళ, కంటికి భూతద్దం ఆనించుకుని కూర్చుంది. ఆమె చూస్తున్నది జర్మనీ సముద్ర తీరం. ఎంతో ఎత్తు నుంచి తీసిన ఆ ఫొటోలో మనుషులు కనిపించరు. భవనాలు అగ్గిపెట్టెల కంటే చిన్నగా ఉంటాయి. అందులో ఓ ఏటవాలు కట్టడం మీద సన్నని తెల్లటి మచ్చ ఒకటి ఉంది. మామూలు కళ్లకైతే అది దుమ్ము రేణువు. ఆమెకు మాత్రం అది రెక్కలున్న వస్తువు.

ఆ మచ్చ పేరే తర్వాత ప్రపంచానికి వీ-1గా తెలిసింది. పైలట్ లేకుండా ఎగిరి వచ్చి, నగరాల మీద పడి పేలే బాంబు అది. దాన్ని ఫొటోలో గుర్తుపట్టిన ఆ మహిళ కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్.

ఇంటిపేరు మనకు కొత్త కాదు

ఈ ఇంటిపేరు కామర్స్ చదివినవాళ్లు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. నిజమే. భారతీయ కరెన్సీ చరిత్రలో 1919 నాటి బాబింగ్టన్ స్మిత్ కమిటీ గురించి ఓ పాఠం ఉంటుంది. ఆ కమిటీకి ఛైర్మన్‌గా పనిచేసిన సర్ హెన్రీ బాబింగ్టన్ స్మిత్ ఈమె తండ్రి. రూపాయి విలువను బంగారం లెక్కన రెండు షిల్లింగులు చేయాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ రేటును నిలబెట్టాలని చూసింది గానీ మార్కెట్ ముందు ఆ లెక్క నిలవలేదు. 

మన దేశంతో ఆ కుటుంబానికి అంతకుముందే సంబంధం ఉంది. కాన్‌స్టన్స్ తల్లి లేడీ ఎలిజబెత్, వైస్రాయ్ లార్డ్ ఎల్గిన్ కూతురు. ఎల్గిన్ 1894 నుంచి 1899 దాకా ఇక్కడ వైస్రాయ్‌గా ఉన్నాడు. ఆయనకు ప్రైవేట్ సెక్రటరీగా పనిచేసిన యువ అధికారే హెన్రీ. అలా కలిసిన కుటుంబంలో 1912 అక్టోబర్ 15న కాన్‌స్టన్స్ పుట్టింది. ఆమెకు పదకొండేళ్లు నిండకముందే, 1923లో తండ్రి పోయాడు.

టోపీల నుంచి విమానాల దాకా

పెద్ద ఇంటి పిల్ల అయినా పెద్ద చదువు చదవలేదు. ఇంట్లోనే పాఠాలు, కొంతకాలం ఫ్రాన్స్‌లో. తర్వాత లండన్‌లో ఆడవాళ్ల టోపీలు తయారుచేసే పనిలో చేరింది. ఫ్యాషన్ పత్రిక ఓగ్‌లో కూడా పనిచేసింది. ఈ అమ్మాయి యుద్ధానికి పనికొస్తుందని అప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాళ్లే.

కానీ ఆమెకు ఇంకో పిచ్చి ఉండేది. ఉర్దూలో షౌక్ అంటారే, అది. వాళ్ల ఇంటికి దగ్గర్లో బ్రూక్‌లాండ్స్ ఎయిర్‌ఫీల్డ్ ఉంది. ఆ రోజుల్లో కొత్త విమానాలన్నీ అక్కడ ఎగిరేవి. వాటిని చూసీ చూసీ ఆమె కళ్లకు విమానాలు అలవాటయ్యాయి. రెక్క కొస గుండ్రంగా ఉందా, కోసినట్టు ఉందా, తోక ఎక్కడ మొదలవుతుంది, ఇంజన్లు ఎన్ని, ఇలాంటివన్నీ మనసులో నిలిచిపోయాయి. ఆ ఇష్టంతోనే ది ఏరోప్లేన్ అనే పత్రికకు రాయడం మొదలుపెట్టింది.

యుద్ధం రాగానే మహిళల ఎయిర్ ఫోర్స్ విభాగంలో చేరింది. ఫొటోలు చదివే పనిలో శిక్షణ ఇచ్చారు. మొదట వెంబ్లీలో, 1941 నుంచి మెడ్మెన్‌హామ్‌లో పని. శత్రు విమానాల సంగతి చూడడానికి ఓ ప్రత్యేక విభాగం కావాలని అనుకున్నప్పుడు దాని బాధ్యత ఆమెకే అప్పగించారు. 

సగమే కనిపిస్తే ఎలా?

ఈ పని ఎలా ఉంటుందో కొంచెం తెలుసుకోవాలి. తుపాకులు లేని స్పిట్‌ఫైర్, మస్కిటో విమానాలు దాదాపు 30 వేల అడుగుల ఎత్తులో వెళ్లి కిందకు చూస్తూ ఫొటోలు తీసేవి. కెమెరా లెన్స్ 36 అంగుళాలు, అంటే మూడడుగులు. 30 వేలను మూడుతో భాగిస్తే 10 వేలు. అంటే నేల మీద ఉన్నది ఫొటోలో పది వేల రెట్లు చిన్నగా పడుతుంది. నేల మీద 10 మీటర్లు, ఫొటోలో ఒక మిల్లీమీటరు.

పైగా శత్రువు విమానాన్ని పూర్తిగా ఎందుకు చూపిస్తాడు? సగం షెడ్డులో ఉంటుంది, సగం బయట. కొన్నిసార్లు వల కప్పి ఉంటుంది, కొన్నిసార్లు మబ్బు అడ్డం వస్తుంది. ఓ రెక్క, తోక ముక్క, నేల మీద పడిన నీడ, ఇంతే దొరుకుతుంది. ఆ ముక్కతోనే మొత్తం విమానం ఏదో చెప్పాలి.

అందుకు రెండు దారులు. ఒకటి స్టీరియోస్కోప్. ఒకే చోటును కొంచెం జరిగి తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి దాని అద్దాల్లోంచి చూస్తే, వస్తువులు ఎత్తుగా లేచి నిలబడతాయి. రెండోది కొలత. భూతద్దంలో గీసిన సన్నని గీతలతో రెక్కల వెడల్పు కొలిచి, లెక్క కట్టి, తెలిసిన విమానాలతో పోల్చడం. నీడ కూడా సాక్షే. పైనుంచి కనిపించని తోక ఆకారాన్ని నీడ చూపిస్తుంది.

తెలియని విమానం దొరికితే ఆమె ఊహించి పేరు పెట్టేయలేదు. కొలత చూసి రాసేది. 1943 వేసవిలో పీనెముండే అనే చోట తోక రెక్కలు లేని నాలుగు చిన్న విమానాలు కనిపించాయి. రెక్కల వెడల్పు సుమారు 30 అడుగులు. అంతే, దానికి పీనెముండే 30 అని పేరు. అది రాకెట్ ఇంజన్‌తో ఎగిరే మెసర్‌ష్మిట్ 163 అని తర్వాత తేలింది. ఏమిటో తెలియకపోయినా ఎంత ఉందో తెలుసు. ఆ తెలిసినంత మాత్రమే రిపోర్టులో ఉండేది.

ఒడ్డున ఉన్న ర్యాంపు

పీనెముండే బాల్టిక్ సముద్రం ఒడ్డున జర్మనీ రహస్య ఆయుధాల కేంద్రం. 1943 ఆగస్టు 17 రాత్రి బ్రిటిష్ విమానాలు దాని మీద భారీగా బాంబులు వేశాయి. జర్మన్ ఇంజనీర్లు కొందరు చనిపోయారు. కానీ అక్కడ బలవంతంగా పనిచేయిస్తున్న విదేశీ కూలీల శిబిరం మీద కూడా బాంబులు పడ్డాయి. తమ దేశాలను ఆక్రమించిన వాళ్ల చేతిలో బందీలైన ఆ మనుషులు వందల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫొటోలో కనిపించని మనుషులు అంటే వీళ్లే.

నవంబర్‌లో ఆమెకు కొత్త పని వచ్చింది. మామూలు ఫైటర్ కంటే బాగా చిన్న విమానం ఏదైనా అక్కడ ఉందేమో చూడమన్నారు. పాత ఫొటోలన్నీ మళ్లీ బయటికి తీసింది. ఎయిర్‌ఫీల్డ్ వెనక ఓ మూల మసక మసకగా ఒకటి దొరికింది. రెక్కలు 20 అడుగులు. దానికి పీనెముండే 20 అని పేరు పెట్టారు. అయితే అది ఎలా ఎగురుతుంది, ఎక్కడి నుంచి?

నవంబర్ 28న స్క్వాడ్రన్ లీడర్ జాన్ మెరిఫీల్డ్ మస్కిటోలో బయల్దేరాడు. బెర్లిన్ మీద మబ్బులు కమ్మడంతో బాల్టిక్ తీరం వైపు తిరిగి పీనెముండే ఫొటోలు తీసుకొచ్చాడు. కాన్‌స్టన్స్ ఎయిర్‌ఫీల్డ్ దాటి సముద్రం ఒడ్డు దాకా దారి వెంట చూస్తూ పోయింది. అక్కడ వింత కట్టడాలు కనిపించాయి. అవి ఇసుక, బురద తోడే పనికి సంబంధించినవని ఫ్యాక్టరీల విభాగం వాళ్లు అంతకుముందే తేల్చేశారు. ఆమె ఒప్పుకోలేదు. ఏటవాలుగా సముద్రం వైపు చూస్తున్న ఆ కట్టడం ఏదో ఒకటి గాల్లోకి విసరడానికే అనిపించింది. మళ్లీ చూస్తే దాని మీదే ఆ తెల్లటి మచ్చ. కొలిస్తే పీనెముండే 20తో సరిపోయింది.

అప్పటికే ఉత్తర ఫ్రాన్స్‌లో అలాంటి ర్యాంపుల పనులు 90కి పైగా చోట్ల కనిపించాయి. వాటిలో ఎన్నో లండన్ వైపే చూస్తున్నాయి. అవి దేనికో ఇప్పుడు తేలిపోయింది. డిసెంబర్ నుంచే వాటి మీద బాంబులు పడ్డాయి. జర్మన్లు ఆ స్థావరాలను వదిలి, ఇంకో రకంగా కట్టుకోవాల్సి వచ్చింది. 

అయినా ముప్పు పూర్తిగా తప్పలేదు. 1944 జూన్ 13న మొదటి వీ-1లు లండన్‌కు చేరాయి. ఆ బాంబుల వల్ల బ్రిటన్‌లో 6 వేల మందికి పైగా చనిపోయారు. అది ముందే, అనుకున్న ర్యాంపులన్నిటి నుంచీ మొదలై ఉంటే ఆ సంఖ్య ఎక్కడికి పోయేదో!

ఆ తర్వాత

యూరప్‌లో యుద్ధం ముగిశాక ఆమె అమెరికా వెళ్లి, జపాన్ యుద్ధం ఫొటోల పనిలో సాయం చేసింది. బ్రిటన్ ఎంబీఈ ఇచ్చింది, అమెరికా లీజియన్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. లైఫ్ పత్రికలో కొన్నేళ్లు పనిచేసింది. 1958లో మెడ్మెన్‌హామ్ కథను పుస్తకంగా రాసింది. 1965లో వచ్చిన ఆపరేషన్ క్రాస్‌బో సినిమాలో ఆమె పాత్ర కూడా ఉంది. మహిళా పైలట్ ఏమీ జాన్సన్ జీవిత చరిత్ర రాసింది. రచయిత్రి రోజ్ మకాలే, కవి జాన్ మేస్‌ఫీల్డ్‌ల జీవితాలు కూడా రాసింది. కేంబ్రిడ్జ్‌లో స్థిరపడి, 2000 జూలై 31న 87 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

తండ్రి రూపాయి లెక్క ఏడాది కూడా నిలవలేదు. కూతురు కొలిచిన 20 అడుగుల లెక్క మాత్రం నిలిచింది. ఇప్పటికీ ప్రపంచంలో ఎందరో పాత ఆల్బమ్‌లలో చిరిగిన ఫొటోలు ముందేసుకుని కూర్చుంటారు. ఓ చక్రం, ఓ రెక్క కొస, తోక మీద సగం చెరిగిన నంబర్ చూసి అది ఏ విమానమో తేలుస్తుంటారు. దాని వల్ల డబ్బు రాదు, ఇంట్లోవాళ్లు టైమ్ వేస్ట్ అంటారు. బ్రూక్‌లాండ్స్ కంచె దగ్గర గంటల తరబడి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డ టోపీల దుకాణం అమ్మాయి చేసింది కూడా అదే పని.