ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు ఎందుకు? దాని వెనక ఉన్న అయ్యంకి ఎవరు?

మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అనే పద్దు ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే 1,000 రూపాయల పన్నుపై మీరు మరో 80 రూపాయలు గ్రంథాలయాల కోసం కడుతున్నారు. గ్రంథాలయం దాతల దయతో కాక చట్టం అండతో నడిచే స్థితి రావడానికి ఎందరో శ్రమించారు. వారిలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు అయ్యంకి వెంకటరమణయ్య.

ఆయన 1890లో తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. వందేమాతరం ఉద్యమ కాలంలో 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో చేసిన ప్రసంగాలు ఆయన్ని కదిలించాయి. దేశసేవకు ఆయన ఎంచుకున్న దారి గ్రంథాలయం.

అప్పటికే చాలా ఊళ్లలో గ్రంథాలయాలు ఉన్నాయి. కానీ అవి చందాలతో నడిచేవి. చందాలు ఆగితే తలుపులు మూతపడేవి. ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండేది కాదు. వాటన్నిటినీ ఒక్క తాటిపైకి తేవాలని అయ్యంకి పూనుకున్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ నిర్వాహకుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. ఈ ఉద్యమం కోసమే ఆయన 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిపారు.

తర్వాత దేశం మొత్తాన్ని కూడగట్టే ప్రయత్నం చేశారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఇప్పుడు ఏటా మనం జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేది ఆ తేదీనే.

చట్టాలు ఆలస్యంగా వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో గ్రంథాలయ చట్టాలు చేశారు. రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దానికి సెస్సు ఆదాయం ఆ చట్టం ఇచ్చినవే. అయ్యంకికి 1972లో పద్మశ్రీ దక్కింది. 1979లో కన్నుమూశారు.

మరి ఇప్పుడు మీరేం చేయవచ్చు? సెస్సు వసూలు చేసేది మున్సిపాలిటీ లేదా పంచాయతీ. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిందీ అవే. అక్కడ బకాయి పడితే కొత్త పుస్తకాల కొనుగోలు ఆగుతుంది, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పాత పుస్తకాలే దిక్కవుతాయి. మీ ఊరి సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైందని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో సభ్యులుగా చేరండి. డబ్బు ఎలాగూ కడుతున్నారు, పుస్తకం కూడా తెచ్చుకోండి.