మహామంత్రి తిమ్మరుసు

విజయనగర మహామంత్రి సాళువ తిమ్మరుసును శ్రీకృష్ణదేవరాయలు ‘అప్పాజీ’ యని పిలుచుచుండెను. ఆ యిరువురి కథను పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఇట్లు వ్రాసియుంచెను.

మరణశయ్యపై నున్న వీరనరసింహరాయలు, తన కుమారునకు రాజ్యము దక్కవలెనని, తమ్ముని కన్నులు తీయింపుమని మంత్రి నాజ్ఞాపించెను. తిమ్మరుసు మేక కన్నులను చూపి కృష్ణరాయలను కాపాడెను.

1509లో రాజైన రాయలు, తిమ్మరుసు సాయమున 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించెను. కొండవీటి పాలనమును ఆతనికే యప్పగించెను.

పిమ్మట రాయలు తన ఆరేండ్ల కుమారునకు పట్టము గట్టెను. కొలది నెలలలోనే ఆ బాలుడు మరణించెను. మంత్రి కుమారుడే విషము పెట్టించెనను మాట రాయల చెవిని బడెను. ఆయన క్రోధముతో తిమ్మరుసును చెరబెట్టి కన్నులు తీయించెను. వృద్ధమంత్రి చెరలోనే యుండెను.

బాలలారా! తన కన్నులను గాచినవాని కన్నులనే తీయించిన ఆ కోపము రాయల కీర్తికి మాయని మచ్చయైనది.