గుర్తింపు పోయినా గేటు మూయలేదు.. మదనపల్లె బీటీ కాలేజీ వెనుక అనిబిసెంట్!

మదనపల్లెలో బీటీ కాలేజీ అంటే తెలియనివాళ్లు ఉండరు. బీటీ అంటే బిసెంట్ థియోసాఫికల్. ఎక్కడో లండన్‌లో పుట్టిన అనిబిసెంట్ పేరు ఈ ఊరి కాలేజీకి ఎలా వచ్చింది?

1847 అక్టోబర్ 1న పుట్టిన ఆమె 1893లో భారత్‌కు వచ్చారు. దేశం మారాలంటే ముందు చదువు మారాలని నమ్మారు. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ, 1915లో మదనపల్లెలో ఈ కాలేజీ పెట్టారు. పుంగనూరు లాంటి చుట్టుపక్కల ఊళ్లకు కాలేజీ చదువు దగ్గరైంది.

మరుసటి ఏడాదే హోంరూల్ ఉద్యమం మొదలుపెట్టారు. 1917 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. అదే ఏడాది చివర్లో ఆమె కాంగ్రెస్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఆ ఉద్యమ ప్రభావంతో కాలేజీకి మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు పోయింది. సర్కారీ కొలువుకు ఆ డిగ్రీయే మెట్టు అయిన రోజులవి. పిల్లల భవిష్యత్తే ప్రశ్నార్థకమైంది. అయినా కాలేజీ మూతపడలేదు. అడయార్‌లో ఆమె నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయం కిందికి చేరింది. దాని ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్. 1919లో ఇక్కడికొచ్చిన ఆయన జనగణమనను ఇంగ్లిష్‌లోకి అనువదించింది ఈ కాలేజీలోనే!

1933 సెప్టెంబర్ 20న అడయార్‌లో ఆమె కన్నుమూశారు. ఇప్పుడు కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయమే ఉంది. కానీ ఈ ప్రాంతానికి కాలేజీ దారి వేసింది మాత్రం ఆమే.