పెన్షను లేని నవలాకారుడు – అడివి బాపిరాజు గారు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడగగానే నాకు తోచిన పేరు కీ.శే. అడివి బాపిరాజు గారిది. వారు మన సీమ వారు కారు. 1895 అక్టోబరు 8న భీమవరంలో జన్మించారు. అయితే 2015లో రుద్రమదేవి సినిమా వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో మనవళ్ళందరూ గోన గన్నారెడ్డి పేరు జపించారు కదా! ఆ గన్నారెడ్డిని ఎన్నో ఏళ్ళ ముందే నవల వ్రాసి తెలుగువారి ఇళ్ళకు తెచ్చినది బాపిరాజు గారని ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివే రోజుల్లో ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర గారు వారికి బొమ్మల మీద, కవిత్వం మీద మక్కువ కలిగించారు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు కూడా ఆ దొర గారి శిష్యులే. 1922లో సహాయ నిరాకరణోద్యమంలో దిగి బాపిరాజు గారు ఒక ఏడాది జైలులో ఉన్నారు. తర్వాత మద్రాసులో లా చదివి భీమవరంలో ప్లీడరు పని చేశారు. అది విడిచిపెట్టారు. బందరు జాతీయ కళాశాలకు 1935 నుండి 1939 దాకా ప్రిన్సిపాలు. సతీ అనసూయ, ధ్రువవిజయం సినిమాలకు కళా దర్శకత్వం. 1944లో హైదరాబాదు చేరి మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులు. ఎక్కడా పది పన్నెండేళ్ళు కుదురుగా కూర్చోలేదు. ఒక్క సర్వీసు రిజిస్టరుతో జీవితం గడిపి, ఇంక్రిమెంటు తేదీలు కంఠతా పట్టిన మనబోటి వాళ్ళకు ఇది తలచుకుంటేనే గుండె దడ! ప్లీడరీ పట్టుకుని కూర్చుని ఉంటే వారి ఇల్లు బాగుపడేదేమో, మనకు మాత్రం ఆ నవలలు ఉండేవి కావేమో అని నా అనుమానం.

నారాయణరావు అనే వారి సాంఘిక నవలకు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానం వచ్చింది. విశ్వనాథ వారి వేయిపడగలతో కలిపి ఇచ్చారు. అది మంచి నవలే, అందరికీ తెలిసినదే. నా మనస్సు మాత్రం చారిత్రక నవలల మీదనే.

1970ల్లో నేను పెనుకొండ తాలూకా ఆఫీసులో గుమాస్తాను. కాపురం హిందూపురంలో. పోను రాను ప్యాసింజరు బండిలో గోన గన్నారెడ్డి చదివాను. ధర్మవరం బదిలీ అయ్యాక ప్రయాణం పెరిగింది కనుక హిమబిందు, అడవి శాంతిశ్రీ, అంశుమతి కూడా అయిపోయాయి. వరుసగా శాతవాహనులు, ఇక్ష్వాకులు, వేంగీ చాళుక్యుల కాలాలు.

గన్నారెడ్డి కథ తెలియనివారి కోసం రెండు మాటలు. గణపతిదేవుని తర్వాత ఆడది సింహాసనం ఎక్కడమేమిటని సామంతులు తిరుగుబాటుకు సిద్ధపడతారు. గన్నారెడ్డి గజదొంగ వేషంలో వారినే దోచి, వారు బలం కూడగట్టకుండా చేస్తాడు. మన పక్కనున్న ఆదవోనిలో, రాచబిడ్డ అన్నాంబిక పెళ్ళిలో, పెళ్ళికొడుకునే ఎత్తుకుపోతాడు! తర్వాత దేవగిరి యాదవ మహాదేవుడు ఓరుగల్లు మీదికి రావడం, రుద్రమ అతన్ని తరిమికొట్టడం. ఓరుగల్లుకు బయట మట్టికోట, లోపల రాతికోట. ఆ యుద్ధ ఘట్టాలు చదివిన తర్వాత మధ్యాహ్నం టిఫిను వేళ పెనుకొండలో ఎఱ్ఱమంచి వాకిలి దగ్గర నిలబడి, 11 అడుగుల ఆంజనేయస్వామికి దండం పెట్టి, శత్రువు ఎటునుండి వచ్చి ఉంటాడో అని కొండకేసి చూసేవాణ్ణి. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు వచ్చి చేరిన ఊరు కదా ఇది. అంతకుముందు ఆ బురుజులు నాకు మేకలు మేసే చోట్లు మాత్రమే.

లోపాలు లేవనను. వారి నవలల్లో ప్రతి స్త్రీ అప్సరసే. వర్ణన మొదలైతే బండి రెండు స్టేషన్లు దాటేది, కథ కదిలేది కాదు. దొంగ వేషమూ, ప్రేమకథా చాలావరకు కల్పన. గన్నారెడ్డి మాత్రం కల్పన కాదు. రాయచూరు కోట గోడలో 40 అడుగులు దాటిన ఒకే రాయి మీద 1294 నాటి శాసనం ఉంది. గోన గన్నారెడ్డి సేనాని విఠలుడు ఆ కోట కట్టించిన సంగతి అందులో చెక్కారు. గుంతకల్లు మీదుగా రాయచూరు వెళ్ళే మిత్రులు ఒకసారి దిగి చూడండి, మనవళ్ళను కూడా తీసుకెళ్ళండి.

1951లో మద్రాసు ప్రభుత్వం కోరగా బాపిరాజు గారు సింహళంలోని సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు చిత్రించారు. మరుసటి ఏడు, 1952 సెప్టెంబరు 22న, మద్రాసులో కన్నుమూశారు. 57 నిండటానికి ఇంకా పదహారు రోజులు. మన లెక్కన రిటైరు కావలసిన వయస్సయినా రాలేదు. అప్పటికి మధురవాణి అనే నవల సగంలో ఉంది. దానిని తర్వాత దిట్టకవి శ్యామలాదేవి గారు పూర్తి చేశారు.