ప్లగ్ వైరుకు పట్టీ చుట్టిన బెర్తా బెంజ్

పాత కారులో ప్లగ్ వైరు తొడుగు పగిలితే కరెంటు దారి తప్పి బాడీలోకి పోతుంది. ప్లగ్ దగ్గర నిప్పురవ్వ సరిగా రాదు, ఇంజిన్ తడబడుతుంది. ఈ జబ్బు దాదాపు కారు పుట్టినప్పటి నుంచీ ఉంది. నడిరోడ్డు మీద దానికి మందు వేసిన ఇల్లాలు బెర్తా బెంజ్.

1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్‌లో పుట్టారు. పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము తీసి కార్ల్ బెంజ్ వర్క్‌షాపులో పెట్టారు. 1872లో ఆయన్ని పెళ్లాడారు. 1886లో కారుకు పేటెంట్ వచ్చింది, భర్త పేరు మీదే. కొనేవాళ్లు మాత్రం ముందుకు రాలేదు. పెట్టిన డబ్బంతా మునిగేలా ఉంది.

1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి పుట్టింటికి కారులో బయల్దేరారు. దూరం సుమారు 100 కిలోమీటర్లు. వీస్లోహ్‌లో మందుల షాపులో ఇంధనం కొన్నారు. పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచారు. ఇగ్నిషన్ వైరు తొడుగు పాడైతే మేజోడు పట్టీ తీసి చుట్టారు. రాత్రికి ఊరు చేరారు. ఈ కారు దూరం పోతుందని జనం నమ్మింది ఆ ప్రయాణంతోనే.

1944 మే 5న, 95 ఏళ్ల వయసులో, లాడెన్‌బర్గ్‌లో కన్నుమూశారు.

ఆ పట్టీ ఆ రోజు గడవడానికే. మనం చుట్టే టేపు కూడా అంతే. ఇల్లు చేరాక వైర్ల సెట్టు మొత్తం మార్చేయాలి. అన్నీ ఒకేసారి పీకొద్దు, వరుస తప్పుతుంది. ఒకటి తీసి, అదే పొడవున్న కొత్తది అక్కడే పెట్టాకే రెండోది ముట్టుకోవాలి.