కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారి జీవితము - వారి కడపటి నవలలు



మహాసభ సంచికలో ఒక పెద్దవారి చరిత్ర వ్రాయుట మనకు ఆనవాయితీ. ఈ యేడు ఆ భారము నాపై బడినది. నేను కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారి జీవితమును ఎన్నుకొనుటకు ఒక చిన్న కారణము గలదు. మన విద్యార్థి వసతిగృహ గ్రంథాలయమునకు తెలుగు నవలలు కొనుడని ఒక దాత కొంత ద్రవ్య మొసగెను. విశ్వనాథవారి గ్రంథములు కొనవలెనన్న మాట వచ్చినంతనే కార్యవర్గము రెండుగా చీలినది. ఏకవీర, వేయిపడగలు, చెలియలికట్ట చాలును, ముదిమిలో చెప్పిన నవలలపై ధనము వెచ్చింపరాదని కొందఱు. కొన్నచో అన్నియు కొనవలెనని మఱికొందఱు. సంస్కృతము చదివినవాడనుగదా యని తీర్పు నాకు విడిచిరి. ఆ మహనీయుని జీవితమును ఒక్కమాఱు తలచుకొనక తీర్పు చెప్పుట న్యాయము కాదని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

విశ్వనాథవారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన కృష్ణామండలములోని నందమూరు గ్రామమున జన్మించిరి. తండ్రి శోభనాద్రిగారు, తల్లి పార్వతమ్మగారు. శోభనాద్రిగారు శివభక్తులు, మహాదాతలు. అడిగినవారికి లేదనుట ఎఱుగక పెట్టి పెట్టి కలిగిన ఆస్తి కరిగిపోగా కుమారుడు కలిమిని కన్నులారా చూచి, పిమ్మట లేమిని ఒడలారా అనుభవించెను. పెద్దయిల్లు చిన్నదగుట, పాతపద్ధతులు ఒక్కొక్కటిగా సడలుట, ఊరిగుడిలో దీపము సన్నగిల్లుట బాల్యముననే ఆయన మనసున నాటుకొన్నవి. తరువాత వ్రాసిన గ్రంథములలో పెక్కింటికి మూలము ఈ బాల్యమే.

బందరులో నోబిల్ పాఠశాలయందు చదువుచున్న కాలమున చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు వీరికి గురువులైరి. ఆ గురువుకడ పద్యవిద్య పట్టువడెను. కళాశాలలో ఆంగ్లవిద్యయు అబ్బెను. సహాయనిరాకరణోద్యమపు గాలి దేశమంతట వీచిన దినములవి. బందరు జాతీయ కళాశాలలో వీరు కొంతకాలము బోధించిరి. తరువాత గుంటూరున క్రైస్తవ కళాశాలలోను, 1938 మొదలు 1959 వఱకు విజయవాడ ఎస్. ఆర్. ఆర్. అండ్ సి. వి. ఆర్. కళాశాలలోను ఆంధ్రోపన్యాసకులుగా నుండిరి. పిమ్మట కరీంనగరమున కళాశాలాధ్యక్షులుగా పనిచేసిరి. విజయవాడ మారుతీనగరములోని వారి గృహము సాహితీపరులకు యాత్రాస్థలమయ్యెను. ఇబ్రహీంపట్టణమునుండి ఏటిగట్టు వెంబడి పోయిన ఒక్క పూటలో చేరదగిన దూరమిది. ఆయన మనకు పరాయివారు కారు.

యౌవనమున వీరికి కష్టములు తక్కువ కావు. మొదటి భార్య వరలక్ష్మమ్మగారు అకాలమరణము నొందిరి. ఆ దుఃఖము వరలక్ష్మీ త్రిశతిగా పరిణమించెను. కిన్నెరసాని పాటలు తెలుగుదేశమున యువకుల నోళ్లలో నాడెను. మధుర నాయకరాజుల కాలమును ఆధారముగా గొని వ్రాసిన ఏకవీర భారతీ పత్రికలో వెలువడి, వచనమున గూడ కావ్యగౌరవము సాధ్యమని చూపెను. అది 1969లో చలనచిత్రముగా గూడ వచ్చెను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలలపోటీ ప్రకటింపగా, వేయి పుటలకు సమీపించు వేయిపడగలు నవలను నెలదినములు నిండకుండ పూర్తిచేసిరని ప్రసిద్ధి. బహుమానము ఆ నవలకును, అడివి బాపిరాజుగారి నారాయణరావుకును సమముగా పంచిరి. పి. వి. నరసింహారావుగారు దానిని సహస్రఫణ్ అను పేర హిందీలోనికి పరివర్తించిరి.

పద్యమున వీరి జీవితకార్యము శ్రీమద్రామాయణ కల్పవృక్షము. ఆఱు కాండములుగా, సుమారు ముప్పదియేండ్లు శ్రమించి దానిని ముగించిరి. 1962లో విశ్వనాథ మధ్యాక్కఱలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము, 1964లో కళాప్రపూర్ణ బిరుదము వచ్చినవి. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము కల్పవృక్షమునకు లభించినది. తెలుగువానికి ఆ పురస్కారము వచ్చుట అదియే ప్రథమము. పద్మభూషణ బిరుదము గూడ ఆ కాలముననే వచ్చినది. 1976వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన గుంటూరులో వీరు శివైక్యము నొందిరి.

ఇంతవఱకు తగవు లేదు. తగవంతయు ఉత్తరవయస్సులో చెప్పిన నవలలనుగూర్చియే. చెప్పిన నవలలని ఊరక యనలేదు. ఆ దశలో వీరు స్వయముగా కలము పట్టుట అరుదు. వీరు ఆశువుగా చెప్పుకొనిపోవుచుండ లేఖకులు వ్రాసికొనెడివారు. పురాణవైర గ్రంథమాల యను పేర పండ్రెండు నవలలు, నేపాళ రాజవంశములపై ఆఱు, కాశ్మీర రాజవంశములపై ఆఱు, వెరసి ఇరువదినాలుగు నవలలు ఈ విధముగా వెలసినవి. భగవంతుని మీది పగతో మొదలై భారతయుద్ధానంతరమున మగధనేలిన వంశములవెంట మొదటి మాల నడచును. దిండు క్రింద పోకచెక్క, చిట్లీ చిట్లని గాజులు, దంతపు దువ్వెన మున్నగునవి నేపాళమునకు సంబంధించినవి. పాతిపెట్టిన నాణెములు, యశోవతి, మిహిరకులుడు మున్నగునవి కాశ్మీరమునకు సంబంధించినవి.

ఈ పేరులను గమనింపుడు. దిండుక్రింద పోకచెక్క యెట్లు వచ్చెను? నాణెము లెవరు పాతిపెట్టిరి? పేరు చదివిన మాత్రముననే లోపల నేమున్నదో చూడవలెనను ఆరాటము కలుగును. అదే కాలమున మన పట్టణములలో అద్దెపుస్తకముల దుకాణములు వెలసెను. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుని కథలకై యువకులు బారులు దీరెడివారు. విశ్వనాథవారు డిటెక్టివు నవలాకర్తలు కారు. కాని రహస్యమును దాచిపెట్టి, పాఠకుని వెంటబెట్టుకొనిపోవు విద్య ఈ కడపటి నవలలలో నున్నంత వారి పూర్వనవలలలో లేదు.

వీనిని నిరసించువారి వాదము మొదట వినవలెను. వారు చెప్పున దిది. ఏకవీరలో ప్రతివాక్యము చెక్కినట్లుండును, ఇచట వాక్యములు తెగి తెగి పడును. కథ నడుచుచుండగా కర్త యాగి శాస్త్రచర్చకు దిగును. ఒకే విషయమును పలుమాఱులు చెప్పును. చదివి దిద్దుకొను ఓపిక లేఖకునకు చెప్పువానికి ఉండదు. అన్నిటికంటె పెద్ద ఆక్షేపణ చరిత్ర విషయము. విజయవాడవారే యైన కోట వెంకటాచలముగారి కాలనిర్ణయమును విశ్వనాథవారు అంగీకరించిరి. దానిప్రకారము మౌర్యచంద్రగుప్తుడు క్రీస్తునకు పూర్వము పదునాఱవ శతాబ్దివాడు. అలెగ్జాండరునకు సమకాలికుడు గుప్తవంశపు చంద్రగుప్తుడు. ఈ నిర్ణయమును చరిత్రకారులు అంగీకరింపరు. అంగీకరింపకుండుటకు బలమైన కారణమున్నది. అశోకుని పదమూడవ శిలాశాసనమున అంతియోకుడు, తురమాయుడు మొదలగు యవనరాజుల పేరులున్నవి. వారి కాలము యవనచరిత్రవలన తెలియుచున్నది. కావున అశోకుడు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దివాడే. అశోకుని శిలాశాసనములు మన కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడిలోనే నేటికిని నిలిచియున్నవి. రాతికంటె నవల బలమైన సాక్ష్యము కాజాలదు.

సమర్థించువారి వాదము వేఱు. నవల చరిత్రపాఠము కాదు. భాగవతాదులలో కలియుగ రాజవంశావళులు ఉత్తపేరుల పట్టికలు. కల్హణుని రాజతరంగిణిలో యశోవతికిని మిహిరకులునకును దక్కినవి కొలది శ్లోకములు. ఆ యెండిన కొమ్మలకు చిగుళ్లు తొడిగి మనుష్యులను చేసినవాడు మఱియొక డెవడు? వాక్యములు చిన్నవైనవి, అందువలననే పండితుడు కానివాడును చదువగలిగెను. వేయిపడగలు తెఱచి పది పుటలలో నిలిచిపోయిన వారెందఱో ఈ నవలలను ఒక్క బిగిని ముగించిరి. ఇది లోపమా, కారుణ్యమా యని వీరి ప్రశ్న.

ఇట్టి వివాదము మన దేశమునకే పరిమితము కాదు. ఆంగ్లభూమిలో కానన్ డాయిల్ అను కథకుడు షెర్లాక్ హోమ్సు అను అపరాధపరిశోధకుని సృజించి, విసిగి, 1893లో కథలోనే వానిని చంపివైచెను. పాఠకులు అలిగిరి. పదియేండ్లకు, 1903లో, వానిని మరల బ్రతికింపక తప్పినది కాదు. కాని 1927లో కడపటి సంపుటము వచ్చినపుడు, ఈ హోమ్సు పూర్వపు హోమ్సు కాడని పెదవి విఱిచినవారును పాఠకులే. చంపిన నిందింతురు, బ్రతికించిన నిందింతురు. పాఠకుడు తన యౌవనమున చదివిన పుస్తకమును మరల వ్రాయుమని ముసలివాడైన కర్తను కోరుచున్నాడు. తాను మాఱినట్లే కర్తయు మాఱునని తలంపడు.

ఇక నా తప్పు చెప్పుకొందును. నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో ఒక విద్యార్థి పాతిపెట్టిన నాణెములు చేతబట్టుకొని నాకడకు వచ్చెను. సగము చదివితిననియు, చాల బాగున్నదనియు, కాశ్మీరరాజుల కథ యింకెక్కడ దొరకుననియు అడిగెను. నేను ఆ పుస్తకము చదివియుండలేదు. అయినను, అది ముదిమిలోని చాదస్తమనియు, చదువదలచిన ఏకవీర చదువుమనియు చెప్పి పంపితిని. మా గురువులలో ఒకరు అట్లనగా విని, ఆ మాటనే నా మాటగా చెప్పితిని. బాలుడు మాఱుపలుకక పుస్తకమును తిరిగి యిచ్చివైచెను. ఏకవీర కొఱకును రాలేదు. ఆ యేడంతయు వాడు గ్రంథాలయపు గడప త్రొక్కగా నేను చూడలేదు. అప్పుడు అది నాకు చిన్నవిషయముగా తోచినది.

ఉద్యోగవిరమణము నొందిన పిమ్మట తీరిక దొరికి ఆ ఇరువదినాలుగు నవలలను వరుసగా చదివితిని. నిరసించువారు చెప్పిన దోషము లన్నియు అందున్నవి. కొన్ని చక్కగా మొదలై తొందరపాటుతో ముగిసినవి. కాలనిర్ణయమును నేను అంగీకరింపజాలను. అయినను, డెబ్బదియేండ్ల వృద్ధుడు కన్నులు మూసికొని చెప్పుచుండ ఇన్ని రాజ్యములు, ఇందఱు స్త్రీపురుషులు, ఇన్ని పన్నాగములు తడబడక వెలువడుట చూచి ఆశ్చర్యపడితిని. మిహిరకులుని క్రౌర్యమును రాజతరంగిణిలో చదివినవాడనే. ఆ పేరు వెనుక మనిషి యొకడుండునని తలపునకు వచ్చుట మాత్రము ఈ నవలవలననే. ఆ బాలుడు నాకంటె ముందే దీనిని గ్రహించెను. పండితుడనైన నేను అడ్డుపడితిని.

పాతదగుటచేతనే మంచిది కాదనియు, క్రొత్తదగుటచేతనే చెడ్డది కాదనియు మహాకవి కాళిదాసు తన నాటకప్రస్తావనయందు సూచించిన నీతిని నేను ఎందఱు విద్యార్థులకో బోధించితిని. ఒకే కర్తయొక్క తొలిరచనకును కడపటిరచనకును గూడ ఆ నీతియే వర్తించునని నాకు ఆలస్యముగా తోచినది. తొలివి గొప్పవనుట సత్యమే. వేయిపడగలు ప్రక్కన దంతపు దువ్వెనను నిలుపుడని నేననను. గోపురమును చూచి వచ్చినవాడు చలివేంద్రమును నిందింపరాదు. రెండును దాతయే కట్టించినవి. దప్పిగొన్నవానికి రెండవదే ముందు కనబడును.

కావున కార్యవర్గమునకు నా విన్నప మిది. ఇరువదినాలుగు నవలలను కొనుడు. వానితోపాటు ప్రాచీన భారతచరిత్రపై ప్రామాణికమైన గ్రంథము నొకదానిని గూడ కొని అదే అరలో నుంచుడు. కథ కథగా, చరిత్ర చరిత్రగా చదువుకొను తెలివి మన పిల్లలకు గలదు. ఏది చదువవలెనో, ఏది విడువవలెనో వారు చదివియే నిర్ణయించుకొందురుగాక. ద్రవ్యము చాలనియెడల, కొఱతపడిన మొత్తమును నా పింఛనునుండి సంతోషముతో చెల్లింతును. అది దానము కాదు, పాతబాకీ.

విశ్వనాథవారు ఏ యొక్క సంఘమువారి సొత్తును కారు. తెలుగు చదువనేర్చిన ప్రతివాడును వారికి వారసుడే. వారసుడు తండ్రి యాస్తిలో మాగాణి మాత్రము తీసికొని మెట్టను వదలివేయడు. మెట్టలోను పంట పండును, దున్నువాడు కావలెను.

స్వస్తి.