డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

నిదానము తేలిన పిమ్మటనే చికిత్సకు పూనుకొనవలెనని మన ప్రాచీన వైద్యులు నియమించిరి. ఆ నియమమునే అమెరికాదేశపు ప్రయోగశాలలలో పాటించి, ఏ క్రిమికి ఏది యౌషధమో యన్వేషించిన యాంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వీరి పేరు వినని చదువరులు మనలో నుండరు. చరిత్ర మెరిగినవారు మాత్రము కొలదిమందియే.

వీరు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. తల్లి వెంకమ్మగారి పట్టుదలచే చదువు సాగినది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుడగు దొరగారి యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.యస్. తో తృప్తిపడవలసివచ్చెను. ఇంతలో సోదరు లిద్దరు కొలదిదినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచే గతించిరి. ఇది మనవారు సంగ్రహణి యనునట్టిది. ఆనాడు దానికి మందు లేదు. ఆ దుఃఖమే వీరిని 1923లో బోస్టను నగరమునకు నడిపినదని చెప్పవచ్చును. వీరు నౌక యెక్కిన పిమ్మట జన్మించిన యేకైకపుత్రుడు శైశవముననే విసర్పరోగముచే మృతినొందెను. తండ్రి యా బిడ్డ ముఖమైనను చూడలేదు.

హార్వర్డులో ఫిస్కె పండితునితో గూడి వీరుచేసిన రసాయన పరిశోధనలు వేరుగా వ్రాయదగినవి. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి, పిదప పరిశోధనాధ్యక్షులైరి.

అప్పటికి పెన్సిలిను వెలసినది గాని, అది కొన్ని జాతుల బాక్టీరియములను మాత్రమే సంహరించును. టైఫసు జ్వరమును కలిగించు రికెట్సియాలపై దానికి శక్తి లేదు. స్ట్రెప్టోమైసిను క్షయను జయించినను వినికిడికి చేటు తెచ్చుచుండెను. కావున సుబ్బారావుగారి యాధ్వర్యవమున పలుతావుల మట్టిని తెప్పించి, అందలి సూక్ష్మజీవులను పరీక్షింపసాగిరి. ఈ పని డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞునకు అప్పగింపబడెను. ఆయన ఆచార్యపదవినుండి విరమించి, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. (మావంటి పింఛనుదారులకు ఇది యొక యూరట!) మిస్సూరీ రాష్ట్రపు మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవి యొకటి లభించినది. దానినుండి వచ్చిన ఆరియోమైసిను 1948లో ప్రకటితమై, పెన్సిలినునకు లొంగని పెక్కు వ్యాధులను, టైఫసును సైతము లొంగదీసెను.

అయినను ఆరియోమైసిను బోదకాలునకు పనికిరాదు. బోదకాలు తెచ్చునది సన్నని పురుగుగాని బాక్టీరియము కాదు. అందుకు వీరి బృందమువారు వేరుమార్గము తొక్కిరి. అట్టి పురుగులున్న యెలుకలకు పెక్కు రసాయనములనిచ్చి పరీక్షించి, 1947లో హెట్రజాను అను మందును వెలువరించిరి. ఇది రక్తములోని పురుగు పిల్లలను హరించును. అప్పటికే యేనుగుకాలైనదానిని మాత్రము పూర్వరూపమునకు తేజాలదు. ఆఫ్రికాలో నదీతీరములయందు చూపు పోగొట్టు మరియొక వ్యాధి కలదు. దాని పురుగును ఈ జాతిదే. కాని యా రోగికి హెట్రజాను నిచ్చినయెడల పురుగులు చర్మమునందును కన్నులందును ఒక్కమారుగా చచ్చి, కన్నులకే యపాయము కలుగును. కావున అచట దీనిని వర్జించిరి. మన కోస్తాజిల్లాలలోనో, ప్రభుత్వమువారు దీనినే యింటింట పంచిరి.

ఇంతటి వివేకముతో ఏర్చిన మందులను మనము వాడుకొన్న విధము తలచిన సిగ్గగును. జలుబునకు సైతము ఆరియోమైసిను జాతి మాత్రలు కొనితెచ్చు తలిదండ్రుల నెందరినో నా యుపాధ్యాయవృత్తిలో చూచితిని. జలుబునకు మూలమైన వైరసును ఆ మాత్ర లంటవు. ఎనిమిదేండ్లలోపు పిల్లల దంతములకు మాత్రము పసుపువన్నె యెక్కించును. అయినదానికి కానిదానికి వాడుటచే పెక్కు బాక్టీరియములు వానికి లొంగుట మానినవి.

సోదరులను బలిగొన్న వ్యాధిని సుబ్బారావుగారు మరువలేదు. 1945లో వీరి బృందము కృత్రిమముగా తయారుచేసిన ఫోలికామ్లము స్ప్రూ రోగులకు ప్రాణప్రదమయ్యెను. ఇరువదియైదేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు రాలేకపోయిరి. భార్య శేషగిరిగారు ఇచటనే యెదురుచూచిరి. 1948 ఆగస్టు మాసమున, ఏబదిమూడవయేట, అమెరికాలోనే నిద్రలో కన్నుమూసిరి. 1953లో ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిసు అని వీరి పేర నామకరణము గావించిరి.